గోడెక్కి చూసిన తుంగభద్ర

ఈ జులైలో మా టీంలో నలుగురు వియత్నాం వెళ్లొచ్చారు. హోయ్ ఆన్ అని తూ బోన్ నది ఒడ్డున పాత వర్తకుల పట్నం, 1999లో యునెస్కో జాబితాకెక్కింది. పసుపు రంగు గోడలు, లాంతర్లు, తడిసిన వీధులు... వారం రోజులు వాట్సాప్ గ్రూపంతా అవే ఫొటోలు. వాటిలో నాకు నచ్చింది ఒక్కటే. ఒక పాత ఇంటి గోడ మీద వరద ఏ ఏడాది ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి పెట్టారు. అక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో నది వీధుల్లోకి వస్తుందట, అప్పుడు సరుకంతా పై అంతస్తుకు ఎక్కిస్తారట. ఊరికి గంట ప్రయాణంలో మై సన్ అనే లోయ ఉంది. చంపా రాజులు కట్టించిన శివాలయాలు ఉన్నాయక్కడ.

"అరే నల్గొండోడా, మీ దిక్కు ఇట్లాంటి ఊరేమన్నా ఉందారా?" అని అడిగాడు ఒకడు.

ఉంది. నల్గొండలో కాదు, పాత పాలమూరు జిల్లాలో. నది ఉంది, వరద ఉంది, మై సన్ కాలం నాటి శివాలయాలే తొమ్మిది ఉన్నాయి. వీసా అక్కర్లేదు, శుక్రవారం రాత్రి కర్నూలు బస్సెక్కితే చాలు. ఆగస్టు రెండో వారంలో నేను అదే చేశాను.

హైదరాబాద్ నుంచి వెళ్తుంటే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతాం. ఇంకాస్త ముందుకు పోతే కర్నూలు పొలిమేరలో తుంగభద్ర. ఈ రెంటి మధ్యనున్న నేలను అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపూర్ అందులోవే. 1956 దాకా ఇవి రాయచూరు జిల్లాలో ఉండేవి, తర్వాత మహబూబ్‌నగర్‌లో కలిశాయి, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో పట్టుకుంటే ఊళ్లోకి చేరతాం. మాటల్లో తెలంగాణ, రాయలసీమ, అక్కడక్కడా కన్నడం అన్నీ కలిసి వినిపిస్తాయి.

నది ఒడ్డున ఊరు కదా అని దిగగానే నది కోసం చూస్తే కనిపించదు. కనిపించేది గోడ. గుళ్లకూ నదికీ మధ్య కోటగోడలాగ నిలబడి ఉంటుంది. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు వెనక్కి తన్నే నీళ్ల నుంచి ఊరినీ గుళ్లనూ కాపాడటానికి వేసిన అడ్డుకట్ట అది. మెట్లెక్కి పైకి పోతే అప్పుడు ఒక్కసారిగా తుంగభద్ర. ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు లేకపోవడమే కొంచెం భయం వేసింది నాకు. ఇటు తిరిగితే కాళ్ల కింద పదమూడు వందల ఏళ్ల నాటి శిఖరాలు, అటు తిరిగితే నీళ్లు. రెంటికీ మధ్య గోడ మందం.

గోడ మీద ఒక పెద్దాయన బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు.

"యా ఊరు నాయనా మీది?"

"నల్గొండ, పెద్దయ్యా."

"నీళ్లు చూడనీకి వచ్చినారా?"

అవునన్నాను. ఆయన ఘాట్ మెట్ల వైపు చూపించి, "పొద్దున ఆ మెట్టు కనపడతాండె. పైన గేట్లు ఎత్తినారంట. రాత్రికి ఇంకో రెండు మునుగుతాయి" అన్నాడు. నేను ఫోన్‌లో క్యూసెక్కుల లెక్క చూస్తున్నా, ఆయన మెట్ల లెక్క చూస్తున్నాడు. ఎవరి డ్యాష్‌బోర్డు వాళ్లది.

ఇక్కడ వానాకాలం అంటే మనం అనుకునే వానాకాలం కాదు. నడిగడ్డలో పడే వాన తక్కువ. నేనున్న రెండు రోజుల్లో ఒక్కసారి జల్లు పడింది, అదీ చెట్టు కింద నిలబడితే తడవనంత. నదిని నింపేది కర్ణాటకలో పడమటి కనుమల మీద పడే వాన. తుంగ, భద్ర రెండూ అక్కడ పుట్టి శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. ఆ నీళ్లు హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాంలో ఆగి, గేట్లు ఎత్తితే ఇటు వస్తాయి. అంటే అలంపూర్‌కు వరద రావాలా వద్దా అనేది అలంపూర్ ఆకాశం చేతిలో లేదు. మా ఉద్యోగంలో దీన్ని అప్‌స్ట్రీమ్ డిపెండెన్సీ అంటాం. అక్కడెవడో ఒకటి మారుస్తాడు, ఇక్కడ అర్ధరాత్రి మన ఫోన్ మోగుతుంది.

ఆ మాట ఊరికే అనడం లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే 35 వేల క్యూసెక్కుల దాకా నీళ్లు. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తేశారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, పారే నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి పలకలు దించి వారంలో ఆ ఖాళీ మూశారు. ఇంజినీరింగ్ చదివిన ప్రతివాడూ ఒక్కసారి ఆ పని గురించి చదవాలని నా అభిప్రాయం. తర్వాతి ఏడాది, అంటే 2025లో, గేట్ల భద్రత కోసం డ్యాంలో 80 టీఎంసీలకు మించి నిల్వ పెట్టొద్దని నిర్ణయించారు. పూర్తి సామర్థ్యం 105 టీఎంసీల పైనే. అక్కడ ఆపని నీళ్లు ఎక్కడికి పోతాయి? ఈ గోడ పక్క నుంచే.

గుళ్ల దగ్గరికి వద్దాం. పేరు నవబ్రహ్మ ఆలయాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ. పేరులో బ్రహ్మ ఉన్నా తొమ్మిదింటిలోనూ శివుడే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించారు. మనకలవాటైన మెట్లమెట్ల గోపురాలు కావివి. ఒకటి తప్ప అన్నిటికీ ఉత్తరాది గుళ్లలాగ వంపు తిరిగిన శిఖరం, పైన ఉసిరికాయ ఆకారంలో రాతి చక్రం. తడిసిన రాయి రంగు మారి ఎరుపు నలుపుల మధ్య ఏదో రంగుకు వస్తుంది, ఎండాకాలం ఫొటోల్లో అది రాదు. స్వర్గ బ్రహ్మ గోడల మీద శిల్పాల దగ్గరే నాకు గంటన్నర పోయింది. జనం మాత్రం బాలబ్రహ్మ దగ్గర, జోగులాంబ అమ్మవారి దగ్గర ఉంటారు. అష్టాదశ శక్తిపీఠాల్లో జోగులాంబ ఐదవది. అమ్మవారి పాత గుడి 14వ శతాబ్దంలో కూలిపోయిందనీ, విగ్రహాన్ని బాలబ్రహ్మ ఆలయంలో దాచారనీ చెబుతారు. కొత్త గుడి కట్టి మళ్లీ ప్రతిష్ఠించింది 2005లో. గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది.

గోడలు ఈ ఊరికి కొత్త కాదన్నమాట కూడా చెప్పాలి. చాళుక్య విజయాదిత్యుడి కాలపు శాసనం ఒకటి ఇక్కడ ప్రాకారం కట్టించిన సంగతి చెబుతుంది. అది 8వ శతాబ్దం తొలినాళ్ల మాట. ఇలాంటి శాసనాలను చదివి ఈ ఊరి చరిత్రను లోకానికి చెప్పినవారిలో ముందు తలచుకోవాల్సింది గడియారం రామకృష్ణ శర్మను. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఇంత చిన్న ఊళ్లో జరిగాయంటే అదంతా ఆయన చలవే. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు ఆయన పోయాక సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

ఊరి బయట ఇంకో గుడి ఉంది, సంగమేశ్వరాలయం. చూస్తే మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టుంటుంది. కానీ దాని సొంతూరు కూడవెల్లి, కృష్ణా తుంగభద్రలు కలిసేచోటు. శ్రీశైలం ముంపులో పోతుందని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని పాపనాశి గుళ్లూ అంతే, ఇరవైకి పైగా చిన్న గుళ్లు, అన్నీ మునక నుంచి తప్పించినవే. ఇలాంటి పనిలో ప్రతి రాయికీ నంబరు వేస్తారు. ఏ వరసలో ఎన్నో రాయి, దాని పక్కన ఏది, కింద ఏది, అన్నీ కాగితం మీదికి ఎక్కించాకే విప్పుతారు. తప్పుపోతే శిఖరం నిలబడదు. గొప్ప పనే. చూస్తూ నిలబడిపోయాను.

అయితే ఆ పక్కనే ఇంకో లెక్క ఉంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు పోయాయి. 1981 వేసవిలో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. ఒక వీధిలో పక్క పక్కన ఉన్నవాళ్లను మళ్లీ పక్క పక్కనే నిలబెట్టే నంబర్లు ఎవరూ వేయలేదు. చేతికి డబ్బులొచ్చాయి. ఎవరికి తోచిన దిక్కుకు వాళ్లు పోయారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో నంబరు ఇవాళ్టికీ కొల్లాపూర్ వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

నాతో బీటెక్ చదివిన కొల్లాపూర్ దోస్తు ఒకడున్నాడు. వాళ్ల తాతగారి ఊరు నీళ్ల కింద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గితే పునాదులు బయటపడతాయి. ఆయన బతికున్నన్నాళ్లూ ఎండాకాలంలో ఒకసారి తీసుకుపొమ్మనేవాడట. బురదలో నడుస్తూ, "ఇది మన దర్వాజా, ఇది మీ పెదతాత కొట్టం" అని చెప్పేవాడట. ఇల్లు ఎక్కడుండేదో ఆయనకు గూగుల్ మ్యాప్ అక్కర్లేదు.

నాగార్జునసాగర్ కింద పెరిగిన మా నల్గొండవాళ్లకు ఈ కథ తెలియనిది కాదు. ఏలేశ్వరం మా జిల్లాదే. ఆ ఒడ్డున నాగార్జునకొండలో విజయపురి, ఈ ఒడ్డున ఏలేశ్వరం, రెండూ తవ్వకాలు జరిగాక మునిగాయి. మా పొలాలు పండుతున్నది ఆ నీళ్లతోనే. అందుకే డ్యాం కట్టకుండా ఉండాల్సిందని నేను అనలేను. అన్నం తిన్న నోటితో ఆ మాట రాదు. కాకపోతే రాళ్లకున్నపాటి రికార్డు మనుషులకు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం గోడ దిగినా వదల్లేదు.

2009 గురించి చెప్పకుండా అలంపూర్ గురించి చెప్పడం కుదరదు. అప్పుడు నేను ఆరో తరగతి. అక్టోబరు మొదట్లో టీవీలో కర్నూలు మునగడం చూశాం. అలంపూర్ కూడా మునిగిందని అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. గోడ ఉంది, అయినా ఊళ్లోకి నీళ్లొచ్చాయి. శ్రీశైలానికి ఒక దశలో 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. డ్యాంను డిజైన్ చేసింది 19 లక్షలకు. అంకెలు పెద్దవైతే మెదడు పట్టించుకోదు కాబట్టి ఇలా చూడండి: లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 25 లక్షలంటే రోజుకు 216. ఇప్పుడు శ్రీశైలం నిండు సామర్థ్యమే దాదాపు 215 టీఎంసీలు. అంటే అడుగంటిన శ్రీశైలం ఒక్క రోజులో నిండిపోయేంత నీళ్లు. ఇదే జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, మిగతా చోటంతా ఒండ్రు ఆక్రమించింది. గోడ ఎత్తు అంతే ఉంది, వెనక గిన్నె మాత్రం ఏటేటా చిన్నదవుతోంది.

"మీ ఇంట్లోకి ఎంత వచ్చింది పెద్దయ్యా?" అనడిగాను. ఆయన మాట్లాడలేదు, అరచేయి తీసి రొమ్ము మీద అడ్డంగా పెట్టి చూపించాడు. హోయ్ ఆన్‌లో అయితే గోడ మీద గీత. ఇక్కడ గీత మనిషి మీదే ఉంది. ఎవరైనా ఆ చేతుల ఎత్తులన్నీ కొలిచి, ఇంటింటికీ 2009 అని ఒక గీత గీయిస్తే బాగుండు. పెద్ద ఖర్చేం కాదు, ఒక డబ్బా పెయింటు.

తిరుగు ప్రయాణంలో కర్నూలులో ఆగి ఉగ్గాని బజ్జీ తిన్నాను. అది లేకుండా ఆ దారిన రావడం నావల్ల కాదు. నదికి అటువైపు సప్తనదుల సంగమేశ్వరం కూడా ఉంది. అక్కడ లింగం వేప మొద్దు. ఆ గుడిని ఎవరూ విప్పలేదు, తరలించలేదు. ఏటా వానాకాలంలో మునుగుతుంది, వేసవికి తేలుతుంది. నీళ్లు గర్భగుడిలోకి వస్తుంటే చివరి హారతి ఇచ్చి పూజారి వెనక్కి వస్తాడు. నేను వెళ్లేసరికి అది అప్పటికే నీళ్ల కింద ఉంది. దాన్ని చూడాలంటే మార్చి, ఏప్రిల్ దాకా ఆగాలి.

అలంపూర్‌కు మాత్రం ఆగస్టు, సెప్టెంబరులోనే వెళ్లండి. రాళ్లు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. ఘాట్ మెట్లు ఎన్ని పైకి కనబడితే అంతవరకే, నీళ్లలోకి దిగొద్దు. టూరిజం వాళ్ల హోటల్ ఒకటుంది, లేదంటే కర్నూలులో గది దొరుకుతుంది. మ్యూజియం వదలకండి, అందులో లజ్జాగౌరి విగ్రహం ఉంది. గోడ మీద సాయంత్రం అయిదు తర్వాత గాలి బాగుంటుంది.