సింహాల నడుమ సోపానాలు

హైదరాబాదులోని కోఠీకి ఆ పేరు తెచ్చిన కోఠీ నేటికీ అక్కడే నిలిచి ఉన్నది. బస్సుల రొద, పాత పుస్తకాల దుకాణాలు దాటి ఆవరణలో ప్రవేశించినవారికి ఉత్తరాభిముఖంగా ఒక మహాముఖమంటపం సాక్షాత్కరిస్తుంది. ఆరు కోరింథియన్ స్తంభాలు, వాటి ముందు విశాలమైన మెట్లు, ఇరుప్రక్కల రెండు సింహాలు, పైన త్రికోణాకారపు నొసట ఈస్టిండియా కంపెనీ చిహ్నం. 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలెస్ కిర్క్‌ప్యాట్రిక్ ఈ సౌధానికి పూనుకున్నాడు. రూపకల్పన మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రసెల్‌ది, వ్యయం నిజాముది. తనపై నిఘా ఉంచేవాని ఇంటికి తానే సొమ్ము చెల్లించటం ఆనాటి రాజనీతి!

ఐరోపాలో బరోక్ యుగపు ప్రభువులు మెట్లను కేవలం ఎక్కటానికి కట్టించలేదు. ఎక్కేవాని మనస్సును ముందుగానే లొంగదీయటానికి కట్టించారు. రసెల్ అనుసరించినది బరోక్ కాదు, అంతకంటె నిగ్రహంగల పల్లాడియన్ శైలి. అయినా ఈ మెట్ల ఆంతర్యం మాత్రం అదే. ఆ దర్పాన్ని సవాలు చేస్తూ 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. 1949లో మహిళా కళాశాల ఇక్కడికి తరలివచ్చిన పిమ్మట, పుస్తకాలు చేతబట్టిన ఆడపిల్లలు ఆ సింహాల నడుమ నుండి నిర్భయంగా రాకపోకలు సాగించారు.

కాని కట్టడం శిథిలమవుతూ వచ్చింది. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దీనిని చేర్చింది. ఆ తరువాత సాగిన పునరుద్ధరణలో అసలు కథానాయకుడు సున్నం.

చూపరులు పాలరాయి అని భ్రమపడే ఇటువంటి స్తంభాలలో లోపల ఉన్నది ఇటుక, పైన ఉన్నది గచ్చు. కాల్చిన సున్నాన్ని నీట నానవేసి, మాగనిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ ఊట, బెల్లపు నీరు చేర్చేవారు. పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నునుపురాతితో అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. మద్రాసు గచ్చుకు ఆ రోజులలో దేశాంతరాలలో సైతం పేరుండేది. ఈ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది. గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. పగుళ్ళు కనిపించగానే సిమెంటు మెత్తితే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, లవణాలు పేరుకొని ఇటుకను పొడి చేస్తాయి. పాత కట్టడాలకు వానకంటె సదుద్దేశంతో పూసిన సిమెంటే ఎక్కువ కీడు చేసిందనటం అతిశయోక్తి కాదు. గచ్చు పనికి మాత్రం తొందర పనికిరాదు. ఒక పూత ఆరనిదే మరొక పూత వేయరాదు; గుత్తేదారులకు ఇది అంతగా రుచించే సంగతి కాదు.

కిర్క్‌ప్యాట్రిక్ భార్య ఖైరున్నీసా ఘోషా స్త్రీ. తాను ఏలుబడి చేయవలసిన ఇంటి ముంగిటికి ఆమె రాలేకపోయిందనీ, అందుచేతనే ఆమె కోసం అతడు జనానా తోటలో భవనానికి ఒక చిన్న నమూనా కట్టించాడనీ చెబుతారు. ఆ తోట ఉన్న ఆవరణ కళాశాల నుండి 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 2024లో దానికి తెలంగాణ రైతాంగ పోరాట వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.