ఫొటోలు బోలెడు, పేరు రాసేవోళ్లే లేరు

మొన్న చిలకపాలెం జంక్షన్ కాడ టీ తాగుతుంటే ఒక పెద్దాయన వచ్చి పక్కన కూకున్నాడు. వంశధార జలాశయం కోసం హిరమండలం వైపు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇల్లు వొగ్గీసి వచ్చినోళ్లలో ఆయనొకడు. ఇప్పుడు ఎచ్చెర్లలో కూతురింటికాడ ఉంటున్నాడు. నా చేతిలో ఫోను చూసి అడిగాడు.

"బావూ, ఇందల మా ఊరు కనిపిస్తాదేటి?"

మేప్ తీసాను. నీళ్లు కనిపించాయి. ఊరి పేరు కొట్టి ఫొటోలు వెతికాను. గట్టు, గేట్లు, నాయకులు కండువాలేసుకుని నీళ్లు చూస్తున్న ఫొటోలు వచ్చాయి.

"నీళ్లు కాదు బావూ, ఊరు. రామమందిరం ఉండాల. దానెదర రావిచెట్టు ఉండాల."

లేదు. ఎంత కిందికి జరిపినా లేదు.

"మరి మా పాప పెళ్లి ఆల్బంలో ఉంది కదేటి. ఊరేగింపు ఎనకాల కనిపిస్తాది" అన్నాడాయన.

ఆ మాట నన్ను వొదల్లేదు. ఊరు నీళ్లల్లో ఉంది. ఊరి ఫొటో మాత్రం ఉంది. కాకపోతే ఒక ఇంట్లో బీరువా అడుగున పెళ్లి ఆల్బంలో ఉంది. ఇంకో ఇంట్లో పగిలిపోయిన ఫోనులో ఉంది. అన్నీ ఒకచోట పడితే ఊరు మళ్లీ కనిపిస్తాది. ఆ ఒకచోటు మనకి లేదు. ఈ మాటే ఇవాళ రాద్దామని.

ఫొటోలకి మనకేం కరువు లేదు. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండగ చేసారు. ఆ మూడు రోజులూ ఎన్ని ఫోన్లు పైకి లేచాయో చూసినోళ్లకి తెలుసు. ఆ ఫొటోలన్నీ ఏవి? వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినవి 24 గంటలకి మాయం. ఇన్‌స్టా స్టోరీ అయినా అంతే. గ్రూపుల్లోకి పంపినవి 'గుడ్ మార్నింగ్' పువ్వుల కింద కూరుకుపోనాయి. ఇంకోటి చాలామందికి తెలీదు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది సైజు తగ్గించీడమే కాదు, ఏ రోజు తీసింది, ఎక్కడ తీసింది అని ఫొటో లోపల దాగున్న వివరం కూడా తుడిచీస్తాది. డాక్యుమెంటుగా పంపితే ఆ వివరం ఉంటాది. ఎంతమంది అలా పంపుతున్నాం?

ఇది చిన్న సంగతి కాదు. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ట తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాటప్పుడు పడిపోయిన చెట్టు ఫొటో అందరూ తీస్తారు. నిలబడున్నప్పటి తోట ఫొటో, తేదీతో, చోటుతో ఎంతమంది దగ్గరుంటాది? పరిహారం రాసే రోజున 'నీకెన్ని చెట్లుండేవి' అనడిగితే చూపించడానికి కావాల్సింది ఆ ముందటి ఫొటోయే. ఇంకోపక్క తుఫాను వస్తే చాలు, ఎక్కడిదో పాత ఫొటో కొత్తదని తిరుగుతాది. పేరూ తేదీ లేని ఫొటో ఎవడు ఏం చెప్తే దానికే సాక్ష్యం.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2004 ఫిబ్రవరిలోనే ఫ్లికర్ అని ఒక ఫొటోల సైటు కెనడాలో మొదలైంది. ఫొటో దాచుకోడానికి అంతకుముందూ సైట్లుండేవి. ఫ్లికర్ గొప్పతనం ఏటంటే, ఫొటో చుట్టూ మనుషుల్ని కూకోబెట్టింది. మీ ఫొటో మీ ఖాతాలోనే ఉంటాది. దాన్ని 'సిక్కోలు చెరువులు' అన్న గ్రూపులో పెట్టొచ్చు, 'పాత ఇళ్లు' అన్న గ్రూపులోనూ పెట్టొచ్చు. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. ఎవరైనా చేరే గ్రూపులున్నాయి, పిలిస్తేనే వచ్చే గ్రూపులున్నాయి. టేగు తగిలించొచ్చు, మేప్ మీద గుచ్చొచ్చు, కింద మాట్లాడుకోవచ్చు.

అలా మాట్లాడుకుంటే ఏమవుద్ది? 2008 జనవరిలో అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మూడు వేల పైచిలుకు పాత ఫొటోలు ఫ్లికర్‌లో పెట్టింది. చాలా వాటి మీద సగం పేరో, తప్పు పేరో ఉండేది. జనం చూసి, ఈ వీధి ఫలానా, ఈ మనిషి ఫలానా అని కింద రాసారు. లైబ్రరీ వాళ్లు అవి సరిచూసుకుని ఆ ఏడాదిలోనే 500కి పైగా రికార్డులు దిద్దుకున్నారు. జీతాలిచ్చి నిపుణుల్ని పెట్టుకున్న సంస్థకే తెలీనిది, ఆ వీధిలో పెరిగినోడికి తెలిసింది.

మనకీ అలాగే ఉంది. పొందూరు ఖద్దరు మీద ఫొటో తీయని కెమెరా లేదు. ఒక ముసలామె చేతిలో ఎముక ముక్కలాటిది పట్టుకుని పత్తి దువ్వుతుంటాది. కింద 'బ్యూటిఫుల్ ఇండియా' అని రాసుంటాది. అది వాలుగ చేప దవడ అనీ, ఆ సన్నటి పళ్లతోనే పత్తిని శుభ్రం చేస్తారనీ, ఆ నూలు అంత సన్నగా రావడం అక్కడ్నించే మొదలవుద్దనీ రాసినోడు తక్కువ. ఆమె పేరు రాసినోడు మరీ తక్కువ. తీసినోడికి బహుమతి వస్తాది. ఆమె 'ముసలావిడ' అయి మిగిలిపోద్ది. గ్రూపులో పొందూరు ఆడపిల్ల ఒకతె ఉండుంటే 'అది మా నానమ్మ, ఫలానా వీధి' అని ఒక్క లైను రాసును. ఆ ఒక్క లైనుతో ఫొటో చరిత్ర అయిపోద్ది.

గ్రూపులన్నీ మంచివే అననుగాక అనను. ఒక ఫొటో పెడితే ఇంకో ఇద్దరి ఫొటోలకి మెచ్చుకోలు బొమ్మలు తగిలించాలని రూలు పెట్టుకున్న గ్రూపులు ఫ్లికర్‌లో బోలెడు నడిచాయి. ఎవడూ ఎవడి ఫొటో చూడడు, అందరికీ పతకాలే. మన ఫేస్‌బుక్‌లో 'సూపర్ బ్రో', 'నైస్ పిక్' దానికి తమ్ముళ్లే. వంద లైకులు ఊరికి ఉపయోగపడవు. 'ఇది మా పెదనాన్న గారి అరుగు, ఇందల కూకునే ఉత్తరాలు చదివీవోరు' అన్న ఒక్క మాట ఉపయోగపడతాది.

మరి ఒక కంపెనీని నమ్మి అన్నీ అందల పెట్టీడమేనా? అక్కడే జాగర్త కావాల. 2014 సెప్టెంబరులో ఆర్కుట్ మూసీసారు. పల్లెటూళ్ల ఫొటోలు మేప్ మీద గుచ్చుకోడానికి మనోళ్లు తెగ వాడిన పనొరామియోని 2016లో మూసీసారు. పికాసా వెబ్ ఆల్బంలూ అదే ఏడాది పోనాయి. దించుకున్నోళ్ల ఫొటోలు మిగిలాయి. ఫొటో కింద నలుగురూ రాసుకున్న మాటలు, ఎవరి ఫొటో పక్కన ఎవరి ఫొటో ఉండేదో ఆ అల్లిక చెదిరిపోనాది. ఫ్లికర్ మూతపడలేదు గానీ, 2018లో చేతులు మారాక ఉచిత ఖాతాకి వెయ్యి ఫొటోలే అన్నారు, మించినవి తీసేస్తామన్నారు. అప్పటికే అందరూ వాడుకోవచ్చని స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చిన ఫొటోల జోలికి మాత్రం పోమన్నారు. 'నాదే' అని పట్టుకున్న ఫొటోకి గండం వచ్చింది, 'అందరిదీ' అన్నది గట్టెక్కింది.

అందుకే నా లెక్కలో వికీమీడియా కామన్స్ ఇంకో అడుగు ముందుంది. అదీ 2004లోనే మొదలైంది. లాభం కోసం నడిచేది కాదు. అక్కడ పెట్టిన ఫొటోని ఎవరైనా, వ్యాపారానికైనా సరే, తీసినోళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చు. ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోలేం, అది తెలుసుకునే పెట్టాల. తెలుగు వికీపీడియాలో ఊరూరికీ పేజీ ఉంది. ఫొటో లేని పేజీలు చాలా ఉన్నాయి. బొమ్మల్లేని వికీ పేజీలకి బొమ్మలు చేర్చే పోటీ 2020 నించి ఏటా జరుగుతోంది, తెలుగు వికీ వాళ్లూ అందులో పాలుపంచుకున్నారు. మన ఊరి పేజీ మనం నింపకపోతే ఎవడొచ్చి నింపుతాడు?

ఇంక ఎచ్చెర్ల సంగతి. మా మండలంలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, 2008 నించి. ట్రిపుల్ ఐటీ ఉంది, 2016 నించి. వేలమంది కుర్రోళ్లు, అందరి చేతుల్లో కెమెరాలు. నెట్‌లో ఎచ్చెర్ల అని వెతికితే నాకు దొరికింది ఏటంటే కాలేజీ గేట్లు, హైవే, ప్లాట్ల ప్రకటనలు. బుడగట్లపాలెంలో వల అల్లే మనుషులేరీ? మా పేరుతో ఇంకో తంటా. ఇంగ్లీషులో ఒకడు మధ్యలో 'టి' పెట్టి రాస్తాడు, ఒకడు తీసేసి రాస్తాడు. ఒక స్పెల్లింగుతో వెతికితే ఇంకోదాని ఫొటోలు రావు. శ్రీకాకుళానికైతే తెల్లోళ్లు పెట్టిన చికాకోల్ కూడా ఉంది. పాత ఫొటోలు ఆ పేరు మీదే ఉంటాయి. అందుకే టేగు పెట్టినప్పుడు అన్ని పేర్లూ పెట్టాల, తెలుగులో తప్పకుండా పెట్టాల. ఇదంతా పెద్ద చదువులు అక్కర్లేని పని. ఒక సెలవు రోజు, ఒక ఊరు, పదిమంది పిల్లలు. ఫొటో కింద నాలుగు ముక్కలు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏటి చేస్తున్నారు.

అడక్కుండా మాత్రం పెట్టొద్దు. రేవులో స్నానాలు చేస్తున్నోళ్లని, చావు కాడ ఏడుస్తున్నోళ్లని తీసి 'పల్లె అందాలు' అని పెట్టేవోళ్లని చూస్తున్నాం. ఆడపిల్లల ఫొటోలు ఎక్కడెక్కడికి పోతున్నాయో చెప్పక్కర్లేదు. తేలినీలాపురం కొంగల ఫొటో తీయడానికి గూడు కిందికి దూరీవోళ్లున్నారు. గ్రూపుకి పెద్దరికం చేసేవోళ్లు ఇద్దరు ముగ్గురుండాల, వాళ్లలో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాల. 'ఇది తీసీండి' అని ఎవరైనా అంటే సంజాయిషీ అడక్కుండా తీసీయాల.

పెళ్లి ఫొటోలు స్టూడియోవాడివి కదా, ఎలా పెడతాం అని ఒక మాస్టారు నన్నడిగారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మునిగిపోయిన ఊళ్ల ఆల్బంలు ఆ ఊరోళ్లవే.

పోయిన ఆదివారం పెద్దాయన కూతురింటికి వెళ్లాను. ఆల్బం తీసారు. ఆ అమ్మాయి తన దగ్గరి ఫొటోలు వద్దంది, ఊరేగింపుది పెట్టమంది. పెట్టాం. ముందు వాళ్ల ఊరోళ్లు మాత్రమే ఉండే గ్రూపులో. పెద్దాయన చెప్తుంటే నేను రాసాను. ఇది రామమందిరం, ఇది ఫలానావాళ్ల పెణక, డప్పు కొడుతున్నది ఫలానా, ఎదర రావిచెట్టు.

మూడో రోజు విశాఖలో ఉంటున్న వాళ్ల ఊరాయన కింద రాసాడు: 'అది రావి కాదు, జువ్వి.'

పెద్దాయనకి చదివి వినిపించాను. ఓలమ్మ, కోపం చూడాల. "ఆడికేటి తెలుసు? ఆడు పదో ఏటే ఊరొదిలీసాడు. ఆ చెట్టు కింద నాను పడుకున్నాను" అని ఫోను లాక్కుని అరగంట తగువులాడాడు. ఊరు పోయిన తర్వాత ఆ ఊరి చెట్టు గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలట. పోటీపడి ఇంకో ఆరుగురికి ఫోన్లు చేసారు, మీ ఆల్బంలు తీయండ్రా అని.

తగువు ఇంకా తేలలేదు. మా ఫొటోలో ఆకులు సరిగ్గా కనిపించడం లేదు. ఆ రామమందిరం ఎదర నిలబడి ఫొటో దిగినోళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఒకసారి బీరువా తీయండి.