విస్తరి ముందు క్రొత్తవారు

ఇటీవల మన పట్టణములలోను, పాఠశాలలలోను ఆహారోత్సవములు విరివిగా జరుగుచున్నవి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది మొదలు జొన్నరొట్టెకు, రాగిసంకటికి ఈ వేడుకలలో పెద్దపీట లభించుచున్నది. ఒడిశా నుండియో, బీహారు నుండియో బ్రతుకుతెరువునకై వచ్చి మన నడుమ నివసించుచున్నవారు అచ్చట గోంగూర పచ్చడి కలిపిన ముద్దను ఇష్టముగా భుజించుట చూచి మనము మురిసిపోవుదుము. మురియుటలో తప్పు లేదు. కాని, కారము నషాళమునకంటి వారు కన్నీరు తుడుచుకొనుచుండగా చుట్టు మూగి నవ్వుటయు ఒక వినోదమగుచున్నది. అతిథిని ఆదరించుట వేరు, పరీక్షించుట వేరు.

ఆ పరీక్షకు మనము వాడు మిరపకాయ ఎచ్చటిది? అది అమెరికా ఖండమున పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు ఘాటు నొసగినది మిరియము. రాజాస్థానములలో విందులారగించిన శ్రీనాథ మహాకవి మిరపకాయ నెరుగడు. నేడు మనము ప్రాణముగా చూచుకొను ఎఱ్ఱని ఆవకాయను అంతకంటె నెరుగడు.

ఆ శ్రీనాథుడును పలనాటికి క్రొత్తవాడే. అచ్చటి జొన్నకూటిని, సజ్జకూటిని ఈసడించిన చాటువులు ఆయన పేర ప్రచారములో నున్నవి. సన్నబియ్యమునకు అలవడిన నాలుకకు మెట్టనేల కష్టము రుచింపలేదు కాబోలు. అంతటి కవికి చేతగాని పనిని నేడు మన బడిలో చేరిన వలసకూలి బిడ్డ ప్రతిదినము చేయుచున్నది. మన పప్పును, మన చారును కాదనక తినుచు, ఆ పంక్తిలోనే మన భాషను నేర్చుచున్నది. ఇది సంస్కారము.

మరి మన సంస్కారమెట్టిది? ఆ బిడ్డ ఇంట ఏమి వండుదురని మనలో ఎందరము అడిగితిమి? అడిగినచో చుట్టరికములు బయటపడును. ఒడియావారి పఖాళము అన్నమున నీరు పోసి పులియనిచ్చినది. మన చద్దన్నమునకు, తరవాణికి తోబుట్టువు. బీహారువారి సత్తు వేయించిన శనగల పిండి. తెలంగాణమున బతుకమ్మకు నివేదించు సత్తుపిండిని ఆ పేరే తలపించును. సంస్కృతమున 'సక్తు' అన్న మాటను జ్ఞాపకము చేసికొన్నచో తద్భవముల పాఠమునకు ఇంతకంటె రుచికరమైన ఉదాహరణము ఉపాధ్యాయునకు దొరకదు.

కావున ఉత్సవమున క్రొత్తవారికి విస్తరి వేసి తృప్తిపడరాదు, రోలును అప్పగింపవలెను. గోంగూరను నూరునది ఒడియా తల్లి చేయి కావలెను. ఉప్పు చాలలేదని చెప్పు అధికారము ఆమెకును ఉండవలెను. ఆమె పఖాళమునకు ప్రక్కనే చోటు చూపవలెను. ఇట్లయినచో మన వంట సంకరమగునని కొందరు శంకింతురు. పాళ్ళు నేర్పక వట్టి మెప్పుకోలుతో సరిపెట్టినపుడే ఆ ప్రమాదము. ఆవపిండి ఎంత, నూనె ఎంత, ఎన్నినాళ్ళు ఊరవలెను అని శ్రద్ధతో నేర్పినచో, నేర్చిన చేయి ఏ ఊరిదైనను ఆవకాయ ఆవకాయగానే యుండును.

ఆంధ్రప్రదేశమున బడిలోని మధ్యాహ్న భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకల నడుమ ఆకొని వచ్చినవారికి అన్నముపెట్టి ఆ తల్లి ధన్యురాలైనది. ఆహారోత్సవము ఏటికొకనాడు, బడి పంక్తి నిత్యము. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆ పంక్తిలో క్రొత్తబిడ్డ ప్రక్కన కూర్చుండి, నీ ఇంట దీనినేమందురని ఒక్కమాట అడిగిన చాలును. సముద్రములు దాటివచ్చిన మిరపకాయను మనది చేసికొన్న జాతికి, పొరుగు రాష్ట్రపు మనిషిని మనవానిని చేసికొనుట కష్టమా?