గుర్రానికి గోరుచుట్టు

పిల్లలూ! "గుర్రపు డెక్క" అనగానే మీకేం జ్ఞాపకం వస్తుంది? పంటకాలువ నిండా పరుచుకుని నీటిని సాగనివ్వని మొక్కే కదూ! ఈ నెల మనం చెప్పుకునేది ఆ మొక్క సంగతి కాదు, అసలైన గుర్రపు డెక్క సంగతి.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన కాటన్ దొరగారు మన ఊళ్ళలోని ఎన్నో విగ్రహాల్లో గుర్రం మీదనే కనిపిస్తారు. ఒకప్పుడు రాజమండ్రి వీధుల్లో జట్కాబళ్ళు తిరిగేవి. ఇప్పుడైతే పెళ్ళి ఊరేగింపులో ఎప్పుడైనా గుర్రం కనిపిస్తుంది. కనిపించినప్పుడు దాని కాళ్ళ వంక చూడండి.

మీ మధ్యవేలి గోరు చూసుకోండి. గుర్రానికి ఒక్కొక్క కాలికి నేలకు ఆనేది ఒక్కటే వేలు. ఆ వేలికి తొడుగులాగా ఉన్న గోరే గిట్ట. మూడు నాలుగు వందల కిలోల బరువును గుర్రం నాలుగు గోళ్ళ మీద మోస్తుందన్నమాట! మన గోరులాగే గిట్ట కూడా పెరుగుతుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు. దాని పైపొరలో నరాలు లేవు, నెత్తురు లేదు. అందుచేతనే లాడం మేకులు సరిగా కొడితే గుర్రానికి నొప్పి తెలియదు. కాని లోపల నెత్తురుతో నిండిన సున్నితమైన పొర ఒకటి ఉంది. చిక్కంతా అక్కడే!

బురదలో నానిన గిట్ట ఎండకు ఎండి పగులుతుంది. ఆ పగులు గుండా గాని, గుచ్చుకున్న మేకు వెంట గాని సూక్ష్మజీవులు లోపలికి పోయి చీము పడుతుంది. మన చేతి మీద సెగ్గడ్డ లేస్తే చర్మం ఉబ్బి చీముకు చోటిస్తుంది. గిట్ట ఉబ్బదే! బయట రాయిలాంటి గోరు, లోపల ఎముక, నడుమ చీము. గుర్రాన్ని కాపాడే ఆ గట్టిదనమే అప్పుడు దాన్ని బాధిస్తుంది. నిన్న చెంగున దూకిన గుర్రం ఇవాళ కాలు నేల మోపలేదు. కాలు విరిగిందేమో అనుకుంటారు చూసినవారు.

ముందుకాలు కుంటుతూంటే ఒక గుర్తు ఉంది. నొప్పికాలు నేల మీద పడేటప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, మంచికాలు పడేటప్పుడు దించుతుంది. మీరు దూరంనుంచే కనిపెట్టవచ్చు. వెనకకు మాత్రం పోకండి, తంతుంది!

పశువైద్యుడు వచ్చి పట్టకారు వంటి సాధనంతో గిట్టను చుట్టూ నొక్కి, నొప్పి ఎక్కడుందో తెలుసుకుంటాడు. అక్కడ అడుగుభాగాన్ని కాస్త చెక్కి చీముకు దారి చేస్తాడు. ఒత్తిడి తగ్గగానే, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే, గుర్రం కాలు మోపుతుంది. ఆ తర్వాత కట్టు కట్టి, పొడినేల మీద ఉంచాలి. గుర్రాలకు ధనుర్వాతం సులువుగా వస్తుంది గనుక దాని టీకా కూడా ముఖ్యం. ఆలస్యం చేస్తే చీము ఎముకదాకా పోవచ్చు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని పెద్దలంటారు కదా! కుంటే గుర్రాన్ని చెర్నాకోలతో అదిలించి పరుగెత్తించడం అచ్చంగా అదే. దానికి నోరు లేదు, నడకతోనే చెప్పుకుంటుంది. మీకు అది కనిపిస్తే ఊరుకోకండి. "అయ్యా, మీ గుర్రం ఈ కాలు మోపలేకుండా ఉంది, డాక్టరుగారికి చూపించండి" అని యజమానితో మర్యాదగా చెప్పండి.

సరే, ఒక ప్రశ్న. గుర్రానికి కాలికి ఒక్క లాడం చాలు. మరి ఎద్దుకు రెండు ముక్కలుగా కొడతారెందుకు? ఎద్దు గిట్టను చూసి ఆలోచించండి!