కలహం దాటితేనే కుదురుబాటు

కొత్త ఉద్యోగంలో చేరిన కుమారుడు మొదటి నెలలో ఇంటికి వచ్చి "అందరూ మంచివాళ్లే అమ్మీ" అంటాడు. మూడో నెల వచ్చేసరికి అతని స్వరం మారిపోతుంది. ఒకరు పని తప్పించుకుంటున్నారని, మరొకరు తన శ్రమను తమ ఖాతాలో వేసుకుంటున్నారని వాపోతాడు. చివరికి "ఈ ఉద్యోగం మానేస్తాను" అంటాడు. భోజనాల వేళ మన ఇళ్లలో తరచూ వినిపించే మాటలివి. ఆ క్షణంలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి ఇచ్చే సలహా మీద ఒక కుటుంబ జీవనోపాధి ఆధారపడి ఉంటుంది.

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్, చిన్న బృందాలపై అంతవరకు జరిగిన అధ్యయనాలను పరిశీలించి 1965లో ఒక క్రమాన్ని ప్రతిపాదించారు. మొదటిది కూడిక: అందరూ మర్యాదగా, జాగ్రత్తగా మెలుగుతారు. రెండవది ఘర్షణ: ఎవరి మాట చెల్లాలి, ఎవరి బాధ్యత ఎంత అన్న వివాదాలు తలెత్తుతాయి. మూడవది కుదురుబాటు: ఉమ్మడి నియమాలు ఏర్పడతాయి. నాలుగవది కార్యసాధన. 1977లో మేరీ ఆన్ జెన్‌సెన్‌తో కలిసి ఆయన ఐదవ దశగా వీడ్కోలును చేర్చారు. ఆయన పరిశీలించిన బృందాలలో ఎక్కువ భాగం మానసిక చికిత్సకు, శిక్షణకు సంబంధించినవే. కనుక ప్రతి కార్యాలయమూ ఇదే వరుసలో నడిచి తీరుతుందని భావించనవసరం లేదు. అయినా ఇందులో ఒక మేలైన పాఠం ఉంది. ఘర్షణ తలెత్తినంత మాత్రాన జట్టు చెడిపోయినట్లు కాదు. తరచుగా అది జట్టు రూపుదిద్దుకుంటోందనడానికి గుర్తు.

మానవ చరిత్రలోనే అత్యుత్తమ సమాజమైన సహాబాల మధ్య కూడా అభిప్రాయ భేదాలు వచ్చాయి. ఒక దండయాత్ర సమయంలో ఒక ముహాజిరుకూ, ఒక అన్సారీకీ మధ్య తగవు రేగింది. ఇద్దరూ తమ తమ వర్గాల వారిని సాయానికి పిలిచారు. దైవప్రవక్త (సఅసం) ఆ పిలుపును అజ్ఞాన కాలపు పోకడగా ఖండించి, దానిని విడిచిపెట్టమని ఆదేశించారు. ఇద్దరి మధ్య పుట్టిన తగవు రెండు వర్గాల వైరంగా మారకుండా అక్కడే ఆగిపోవాలన్నది ఇందులోని బోధన. మన కార్యాలయాలలో జరిగేది దీనికి విరుద్ధం. ఎదుటి వ్యక్తితో తేల్చుకోవలసిన విషయాన్ని పదిమందికి చెప్పి, మన పక్షాన కొందరిని కూడగడతాం. దివ్యఖుర్ఆన్‌లోని 49వ సూరా 'అల్ హుజురాత్' అనుమానాన్ని, ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని, గీబత్‌ను నిషేధించింది. తెచ్చిన వార్తను విచారించి చూడమని, తగవుపడిన వారి మధ్య సయోధ్య కుదర్చమని ఆదేశించింది. కుదురుబాటుకు ఇంతకంటే చక్కని నియమావళి మరేముంటుంది?

ఇక బాధ్యత వహించే వారికి ఉహద్ యుద్ధం గొప్ప గుణపాఠం. హిజ్రీ 3వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) సంప్రదింపులు జరిపి, అనేకుల అభిప్రాయం మేరకు మదీనా వెలుపలికి వెళ్లి శత్రువును ఎదుర్కొన్నారు. స్థానం వదలవద్దని ఆదేశించినా 50 మంది విలుకాండ్రలో అధికులు కొండ దిగిపోయారు. ముస్లిములు తీవ్రంగా నష్టపోయారు. ఆ సందర్భానికి చెందిన ఆయతులలోనే (3:159) వారిని మన్నించమని, వారి కోసం క్షమాపణ వేడుకోమని, వ్యవహారాలలో వారిని సంప్రదిస్తూనే ఉండమని అల్లాహ్ ఆదేశించాడు. తప్పు జరిగిన తర్వాత కూడా సంప్రదింపుల తలుపు మూయలేదన్నమాట.

దీని విలువ ఆధునిక పరిశోధనలోనూ కనిపిస్తుంది. ఆసుపత్రి బృందాలలో మందుల పొరపాట్లను అధ్యయనం చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, మంచి నాయకత్వమున్న బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్లు తేలింది. ఆ బృందాల వారు భయం లేకుండా తమ పొరపాట్లను బయటపెట్టగలగడమే దీనికి కారణమని ఆమె భావించారు. అధికారి కోపానికి జడిసి దాచిన తప్పు, చివరకు రోగి ప్రాణం మీదికి వస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. పని విషయంలో వచ్చే భేదాభిప్రాయం వేరు, దౌర్జన్యం వేరు. జీతం ఎగవేత, అవమానం, స్త్రీల పట్ల అసభ్య ప్రవర్తన వంటివి 'ఘర్షణ దశ' కానేకావు, అవి జుల్మ్. సబర్ పేరుతో వాటిని భరించమని బిడ్డలకు చెప్పరాదు. ఫిర్యాదు చేయడానికీ, అవసరమైతే వేరే ఉపాధి చూసుకోవడానికీ ఇంటివారు అండగా నిలవాలి.

కనుక రేపు మీ బిడ్డ విసిగిపోయి ఇంటికి వస్తే, వెంటనే "మానెయ్" అనకండి, "సర్దుకుపో" అని కూడా అనకండి. ముందు పూర్తిగా వినండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఆ వ్యక్తితో ఏకాంతంగా, నేరుగా మాట్లాడావా? ఎవరి పని ఏదో జట్టులో స్పష్టంగా నిర్ణయమైందా? ఇందులో నీ పొరపాటు ఏమైనా ఉందా? తీసుకునే జీతానికి బదులుగా చేసే పని ఒక అమానత్. ఆ జట్టు నుండి ఒకనాడు వీడ్కోలు తీసుకోక తప్పదు. ఆ రోజున వెనుక మిగిలిన వారి నోట దుఆ వెలువడేలా మెలగడమే విశ్వాసికి నిజమైన కార్యసాధన.