హెచ్చరిక: ఆ ఇటుక దూడ మూతికి అందనివ్వకండి

చైతన్యపురి, కొత్తపేట, నాగోలు గల్లీల్లో బర్రెలనో ఆవులనో సాకుతున్న ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి. ఆరు నెలలు నిండని దూడకు యూరియా కలిసిన నాకుడు ఇటుక ప్రాణాంతకం. మీ కొట్టంలో అలాంటిది దూడకు అందేలా వేలాడుతుంటే ముందు దాన్ని తీసేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

యూరియా, మొలాసిస్, ఖనిజ లవణాలు కలిపి చేసే ఈ ఇటుక పెద్ద పశువుకు మేలే చేస్తుంది. వరిగడ్డి మీద బతికే బర్రె కడుపులోని సూక్ష్మజీవులు ఆ యూరియాను మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. నెమరు వేయడం అప్పుడప్పుడే మొదలుపెట్టిన దూడ కడుపుకు ఆ శక్తి ఇంకా రాదు. యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా రక్తంలోకి ఎక్కుతుంది. నోట నురగ, ఒళ్లంతా వణుకు, తూలడం, కడుపుబ్బరం, ఆపై గిలగిల కొట్టుకోవడం. గంటల్లోనే, ఒక్కోసారి అంతకన్నా ముందే ప్రాణం పోతుంది.

నగరపు కొట్టాల్లో చోటు తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ. తల్లి బర్రె కోసం గుంజకు కట్టిన ఇటుక పక్కనే ఉన్న దుడ్డెకు మెడ చాస్తే అందుతుంది. వానకు తడిస్తే ఇటుక మెత్తబడి పెచ్చులుగా ఊడుతుంది. నాకి వదలాల్సిన దాన్ని పశువు కొరికి మింగుతుంది. తడిసిన ఇటుక పెద్ద పశువుకూ పెట్టొద్దు.

పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే క్షణం ఆగకుండా సంచార పశువైద్యశాల నంబరు 1962కు ఫోన్ చేయండి. వెనిగర్, చల్లని నీళ్లు తాగించమని వైద్యులు చెబుతుంటారు. ఎంత పట్టాలో ఫోన్‌లోనే అడగండి. కిందపడి కొట్టుకుంటున్న దూడ నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దూడ గోడ సున్నం నాకుతుంది, పలుపు నములుతుంది, మట్టి తింటుంది. ఒంట్లో ఖనిజాలు తక్కువైనా, కడుపులో నట్టలున్నా అలా చేస్తుంది. దాని అవస్థ చూడలేక మనిషి ఆ ఇటుకనే తెచ్చి ముందు పెడతాడు. కొంప మునిగేది అక్కడే. ముందు నట్టల మందు సంగతి డాక్టర్ను అడగాలి. దూడకు కావలసింది యూరియా లేని ఖనిజ లవణ మిశ్రమం. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వరిగడ్డిలోని ఆగ్జలేట్లు ఉన్న కాల్షియాన్నీ ఒంటబట్టనివ్వవు. అందుకే ఈ రెండింటి మీదే పెరిగే దూడకు ఈ ఖనిజ లవణ పొడి తప్పనిసరి. జాతీయ పాడి అభివృద్ధి మండలి చెప్పే మోతాదు దూడకు రోజుకు 20 నుంచి 25 గ్రాములు, ఎదిగిన పెయ్యకు 50, పాలిచ్చే పశువుకు 100 నుంచి 200. బర్రెకు వేసే చేత్తోనే దూడకూ గుప్పెడు వేయకండి, తూచి వేయండి. ఆ పొడినే గొర్రెలకూ వేసే అలవాటుంటే మానండి. అందులో ఆవు, బర్రెలకు సరిపడే రాగి గొర్రెను చంపగలదు.

పేరూ ఊరూ లేని సంచుల్లో విడిగా అమ్మే పొడి చౌకగా దొరికినా కొనకండి. ఐఎస్ 1664 ప్రమాణం ఫ్లోరిన్‌కు హద్దు పెట్టింది. శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్ కలిపిన పొడిలో ఆ హద్దు దాటిపోవచ్చు. శాశ్వత దంతాలు ఏర్పడే వయసులో ఫ్లోరిన్ ఎక్కువైతే ఆ పళ్లు మళ్లీ బాగుపడవు, ముదిరితే కాళ్లు పట్టేస్తాయి. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డెక్కితే వచ్చే నల్లగొండలో తాగునీటి ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేసిందో తెలంగాణలో తెలియనివాళ్లు లేరు. అదే ఫ్లోరిన్‌ను డబ్బిచ్చి కొని దూడ తొట్టిలో పోయడమేంటి?

పశుసంవర్ధక శాఖ ఈ వానాకాలంలోనే కదలాలి. అమ్మకానికొచ్చే ప్రతి యూరియా ఇటుక మీద ‘ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు’ అని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. అప్పటిదాకా దాణా దుకాణదారులే అట్టముక్క మీద ఆ మాట రాసి ఇటుకల పక్కన పెట్టాలి, కొనేవాళ్లను ఇంట్లో దూడ ఉందా అని అడిగి మరీ అమ్మాలి.