ప్రతి కార్డూ లెక్కలోకి రావాలి

మా శ్రీవిల్లిపుత్తూరు వాళ్లం గోల్ఫ్ ఆడాలంటే కొడైకెనాల్ కొండెక్కాలి. స్థాయిని బట్టి ఆటగాళ్లకు అదనపు స్ట్రోకులిచ్చే ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి 2020లో వచ్చి ఇలాంటి మిట్టపల్లాల మైదానాలకు న్యాయం చేసింది. కోర్సు రేటింగ్ (మేటి ఆటగాడికి పట్టే స్కోరు) 70, స్లోప్ (మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె) 120 ఉన్నచోట 95 కొట్టారనుకోండి. రేటింగ్‌తో తేడా 25ని ప్రామాణిక స్లోప్ 113తో హెచ్చవేసి 120తో భాగిస్తే 23.5. ఇలా చివరి 20 రౌండ్లలో మేలైన ఎనిమిదింటి సగటే మన హ్యాండిక్యాప్. ఒక హోల్‌లో బంతి పొదల్లో పడి 11 అయినా, పార్‌కు రెండూ, మనకు రావాల్సిన స్ట్రోకులూ కలిపి ఆ హోల్ లెక్కను అక్కడికే ఆపేస్తారు.

నా బాధల్లా స్కోరు కార్డులు దాచేవాళ్లతోనే. పోటీల ముందు హ్యాండిక్యాప్ పెంచుకోవాలని మంచి స్కోర్లు జేబులో పెట్టుకుంటారు. ఆడామగా తేడా లేకుండా గరిష్ఠ హ్యాండిక్యాప్ 54 చేసి కొత్తవాళ్లకు తలుపు తీసిన పద్ధతి ఇది. నిజాయితీగా ప్రతి కార్డూ ఇచ్చే కొత్త అమ్మాయి వీళ్ల చేతిలో ఎందుకు ఓడిపోవాలి? ఆడిన రోజే కార్డు ఇవ్వనివాళ్లను క్లబ్బులు పోటీలకు రానివ్వకూడదు.